నత్త గుల్లలోని కాపురము: మిరియం రాత్‌చైల్డ్ జీవితకథ

సముద్రపుటొడ్డున రాతిబండను కరచుకొనియున్న నత్తను చేతికెత్తి చూచినవారికి ఒక గుల్లయు, గుల్లలో కొంత మెత్తని మాంసమును తప్ప మరేమియు కనబడదు. అల వచ్చి కొట్టినను అది పట్టు విడువదు. నీరు తీసి ఎండ కాసినపుడు గుల్ల మూతను బిగించుకొని కూర్చుండును. తిరిగి నీరు వచ్చినపుడు రాతిమీది పాచిని గీకి తినుచు కాలము గడుపును. విశాఖపట్టణమునకు విహారయాత్ర పోయిన మన విద్యార్థులు అక్కడి తీరపు రాళ్ళపై ఇట్టి నత్తలను చూచియే యుందురు. కాని వానిలో కొన్ని తమ కొరకు తాము బ్రతుకుటలేదనియు, లోపల వేరొక జీవి కాపురము పెట్టి వానిచేత చాకిరి చేయించుకొనుచున్నదనియు సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచినవారికి గాని తెలియదు. అట్లు చూచుటకు యౌవనమున ఏడేండ్లు వెచ్చించి, ఆ ఏడేండ్ల కష్టమును యుద్ధములో పోగొట్టుకొనిన ఒక విదుషీమణి చరిత్రను ఈ సంచికలో మేము చెప్పదలచితిమి. ఆమె పేరు మిరియం రాత్‌చైల్డ్.

1908 ఆగస్టు 5వ తేదీన ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైరు ప్రాంతమున, యాష్టన్ వోల్డ్ అను గ్రామీణ భవనమున ఆమె జన్మించెను. రాత్‌చైల్డ్ వంశమన్నంతనే బ్యాంకులును, బంగారమును, రాజులకు అప్పులిచ్చిన ధనికులును ఎవరికైనను స్ఫురింతురు. ఆ యూదు కుటుంబమున పుట్టిన ఆమె తండ్రి చార్లెస్ గారు బ్యాంకు పనిని నిష్ఠతోనే చేసిరి గాని, వారి మనస్సు జమాఖర్చుల పుస్తకములలో లేదు. ఎలుకలు, కుక్కలు, పక్షులు మొదలగువాని ఒంటిపై నుండి రక్తము పీల్చుచు, రెక్కలు లేకపోయినను ఎగిరి దుముకు ఫ్లీ అను పురుగులను సేకరించుట వారి వ్యసనము. వారు క్రొత్తగా వర్ణించిన ఫ్లీ జాతులు సుమారు 500. వానిలో ఒకదానిని నైలునది ప్రాంతమున సూడాను దేశములో పట్టి, 1903లో లోకమునకు తెలిపి, పిరమిడు కట్టించిన కియోప్స్ చక్రవర్తి పేరు దానికి పెట్టిరి. ఎలుకలనుండి మనుష్యులకు ప్లేగును మోసికొనివచ్చు ముఖ్యమైన పురుగు అదియేనని ఆ పిమ్మట బొంబాయిలో జరిగిన పరిశోధనలు తేల్చినవి. 1896లో బొంబాయిలో ప్రవేశించిన ప్లేగు 1911లో మన హైదరాబాదు నగరమును ఎట్లు వణికించెనో పెద్దలవలన వినినవారికి ఈ చిన్న పురుగు పేరు చిన్నదిగా తోచదు.

పెదతండ్రి వాల్టర్ గారు ఇంకను విచిత్రమైన మనిషి. ట్రింగ్ అను ఊర సొంత మ్యూజియమును నెలకొల్పి పక్షులను, సీతాకోకచిలుకలను లక్షల కొలది సేకరించినవారు. జీబ్రాలను బండికి కట్టి లండను వీధులలో తోలినవారు. ఇట్టి ఇంట పెరిగిన బాలికకు పురుగులు, పుట్టలు ఆటవస్తువులగుటలో వింత లేదు. వింత యేమనగా, ఆమెను బడికి పంపలేదు. పరీక్షలయందు తండ్రికి నమ్మకము లేదు. పదునేడేండ్లు వచ్చువరకు ఆమె చదువంతయు ఇంటివద్దనే సాగెను.

1923లో, ఆమెకు పదునైదేండ్ల ప్రాయమున, దీర్ఘవ్యాధిచే మనస్సు క్రుంగిన తండ్రి తన ప్రాణమును తానే తీసికొనిరి. ఆ దెబ్బతో ఆమెకు ప్రకృతిశాస్త్రముపై విరక్తి కలిగెను. తండ్రి ప్రేమించిన పురుగులను కంటితో చూచుటకును ఇష్టపడక కొన్నాళ్ళు గడపెను. తమ్ముడు విక్టర్ సెలవులలో ఇంటికి వచ్చి, బడిలో ఇచ్చిన పనిలో భాగముగా ఒక కప్పను కోయవలసియుండగా అక్కను సాయము పిలిచెను. కప్ప లోపలి అవయవములను, రక్తనాళములను చూచినంతనే ఆమెకు పూర్వపు ఆసక్తి మరల మేల్కొనెనట. ఆ తరువాత ఆమె లండనులోని చెల్సీ పాలిటెక్నిక్కున సాయంకాలపు తరగతులలో చేరి జంతుశాస్త్రమును చదివెను. పట్టము మాత్రము పుచ్చుకొనలేదు. తరువాతి కాలమున ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి మొదలగు విశ్వవిద్యాలయములు తామే పిలిచి గౌరవ డాక్టరేటు లిచ్చిన ఈ విదుషికి పరీక్ష వ్రాసి సంపాదించిన పట్టము ఒక్కటియు లేదు.

ఇటలీలోని నేపుల్సు సముద్ర పరిశోధనశాలలో కొంతకాలముండి, 1930 దశకము ఆరంభమున ఆమె ఇంగ్లండు నైరృతి తీరమందలి ప్లిమత్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలకు చేరెను. రాళ్ళు, బురదనేలలు, నదీముఖములు అన్నియు దగ్గరనే యున్న ఆ తీరము సముద్రజీవులను పరిశీలించువారికి పుట్టినిల్లు వంటిది. మేరీ లెబోర్ అను మరియొక విదుషి అప్పటికే ఆ ప్రయోగశాలలో పనిచేయుచుండెను. బ్రిటిషు తీరపు నత్తలలో కాపురముండు పురుగుల డింభకములను గూర్చి 1911 ప్రాంతముననే సమగ్రమైన సమీక్ష వ్రాసిన ఘనత ఆ లెబోర్‌దే. గుల్లప్రాణులను అధ్యయనము చేయుచుండిన మిరియమునకు వాని శరీరములలో ఈ డింభకములు తటస్థించినవి. అంతటితో ఆమె గుల్లలను మరచి, గుల్లలలోని అతిథులను పట్టుకొనెను.

ఈ అతిథులు ట్రెమటోడులను చదునుపురుగుల జాతికి చెందినవి. గొఱ్ఱెల కాలేయములో నుండు పురుగు జీవితచక్రమును మన జంతుశాస్త్ర విద్యార్థులు పటము గీచి మరీ నేర్చుకొందురు గదా. ఇవియు దానికి దాయాదులే. ఆమె ఎక్కువగా పరిశీలించిన వానిలో క్రిప్టోకోటైల్ లింగ్వా అనునది ఒకటి. దాని జీవితచక్రమును 1930లో అమెరికాలో స్టంకార్డ్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించియుండెను. ఎదిగిన పురుగు రెండు మిల్లీమీటర్లకు మించదు. సీగల్ అను సముద్రపక్షి ప్రేవులలో నుండును. దాని గుడ్లు పక్షి రెట్టతో కలసి రాళ్ళపైన, నీటిలోన పడును. ఆ రాళ్ళపై పెరివింకిల్ అను నత్త పాచిని గీకి తినునపుడు గుడ్లును దాని నోటబడును. నత్త కడుపులో గుడ్డు చిట్లి డింభకము వెలువడును. కొన్నాళ్ళకు అక్కడ సంచుల వంటి రీడియాలు తయారగును. ఆ రీడియాల కడుపున సెర్కేరియాలను తోకగల డింభకములు తామరతంపరగా పుట్టును. సెర్కేరియా నత్తను వీడి నీటిలోనికి వచ్చి, తన రెండు కంటిచుక్కలతో వెలుతురును పసిగట్టి అటు ఈదును. చేప తగిలినచో తోకను విడిచి దాని చర్మములోనికి తొలుచుకొనిపోయి గూడు కట్టుకొనును. చేప ఒంటిపై నల్లని మచ్చలు తేలును. ఆ చేపను సీగల్ తినును. మరల కథ మొదటికి వచ్చును.

ఈ చక్రమున పక్షి యెగురుచున్నది, చేప ఈదుచున్నది; పాపము నత్త యొక్కటియే కదలక మెదలక యున్నది. అసలు కర్మాగారము దాని కడుపులోనే గలదు. రీడియాలు నత్త జీర్ణగ్రంథిని, సంతానోత్పత్తి అవయవములను ఆక్రమించుకొనును. నత్త చావదు. చచ్చినచో పురుగునకు ఇల్లు కూలిపోవును. కావున నత్త తినుచునే యుండును, నడచుచునే యుండును, కాని దానికి సంతానము కలుగదు. గ్రుడ్లకును వీర్యమునకును పోవలసిన ఆహారమంతయు పురుగు పిల్లలకు పోవును. అద్దెకు వచ్చినవాడు ఇంటి యజమానిని వెళ్ళగొట్టక, వంటింటి తాళపుచెవిని మాత్రము తన మొలలో దోపుకొనినట్టి దీ వ్యవహారము. బయటినుండి చూచినచో సోకిన నత్తకును సోకని నత్తకును భేదము కనబడుట అరుదు.

కనబడనిదానిని లెక్కించుటయే మిరియం పెట్టుకొనిన పని. పురుగు సోకిన ఒక పెరివింకిల్‌ను తెచ్చి, క్రొత్తగా మరల సోకుటకు వీలులేకుండ ప్రయోగశాలలో విడిగా ఉంచి పోషించెను. దానినుండి నీటిలోనికి వెలువడు సెర్కేరియాల సంఖ్యను గమనించెను. మేయర్‌హాఫ్ అను సహకార్యకర్తతో కలసి 1940లో నేచర్ పత్రికలో ఆమె ప్రకటించిన ఫలితము జీవశాస్త్రజ్ఞులను ఆశ్చర్యచకితులను జేసెను. మొదట రోజుకు సుమారు 3,300 సెర్కేరియాలు వెలువడినవి. ఆ చొప్పున చూచినచో ఏడాదికి పన్నెండు లక్షలకు పైబడును. అయిదేండ్లు గడచిన పిమ్మటను ఆ నత్త రోజుకు సుమారు 830 సెర్కేరియాలను విడుచుచునే యుండెను. ఒక్క గుడ్డును ఎన్నడో మ్రింగిన పాపమునకు ఒక నత్త తన ఆయుష్షంతయు పరుల సంతానమును కనుచుండునన్నమాట. పదుగురు చదువుకొనినవారు నమ్మవలెనన్నచో ఇట్టి సంగతి ఊహతో చెప్పిన చాలదు, లెక్క కావలెను. సూక్ష్మదర్శినిపై వంగి, కదలుచున్న చుక్కలను లెక్కించుచు కూర్చుండుట యెంత విసుగు పనియో ప్రాక్టికల్ తరగతులలో ఒక గంట కూర్చున్న మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆమె చేసిన రెండవ పరిశోధన ఇంకను చిత్రమైనది. పెరింజియా అల్వే అను గోధుమగింజంత నత్త రాళ్ళపై గాక నదీముఖముల బురదనేలలలో వేలకొలది పాకుచుండును. అట్టి నత్తలను సేకరించి, కొలిచి, కోసి చూడగా, మిక్కిలి పెద్దవిగా పెరిగినవానిలో పురుగులున్నట్లు ఆమె గమనించెను. పురుగు సోకిన నత్త చిక్కిపోవలెనని మన మనుకొందుము. ఇక్కడ సోకినదే భీమకాయమైనది. 1936లో ఆమె దీనిని వ్యాసరూపమున ప్రకటించెను. గుల్ల ఆకారములో కనబడు మార్పులకును పురుగే కొంత కారణమని చూపెను. గుల్లల పరిమాణమును, రూపమును బట్టి జాతులను, ఉపజాతులను నిర్ణయించు పండితులకు ఇది చురక వంటిది. ఒకే జాతి నత్తలలో ఒకటి ఆరోగ్యవంతము, ఒకటి రోగి, రోగి పెద్దది. 1941లో ప్రకటించిన మరియొక వ్యాసమున, అలల తుంపరలు మాత్రమే తగులు ఎత్తైన రాళ్ళ పగుళ్ళలో నుండు లిట్టోరినా నెరిటాయిడీస్ అను చిన్న నత్త పెరుగుదలపై ఈ పురుగుల ప్రభావమును చర్చించెను.

ఈ విషయమున ఆమె మాటయే తుదిమాట కాలేదని చెప్పుట ధర్మము. పిమ్మటివారు పలుజాతుల నత్తలను పరిశీలింపగా, కొన్నిటిలో పురుగు సోకినచో పెరుగుదల హెచ్చుననియు, కొన్నిటిలో మందగించుననియు తేలినది. 1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు వేన్ సూసా, కాలిఫోర్నియా బురదతీరపు నత్తలను గుర్తుపెట్టి వదలి పరిశీలించి, ఒక ఊహను ముందుంచిరి. కొద్దికాలమే బ్రతికి ఒక్కమారుగా సంతానమునకు శక్తిని వెచ్చించు నత్తలు, ఆ ఖర్చు తప్పినపుడు లావుగా పెరుగుననియు, చిరకాలము బ్రతుకు నత్తలకు అట్టి లాభము లేదనియు ఆయన భావము. మా దృష్టిలో మిరియం గొప్పదనము ఆమె చెప్పినది సర్వత్ర నిలుచుటలో లేదు. నత్త యెంత పెరిగినదని మాత్రమే అడుగుచుండిన చోట, ఎవరి కొరకు పెరిగినదని ఆమె అడిగెను. ఆ ప్రశ్న నేటికిని చర్చింపబడుచునే యున్నది.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చిపడెను. ప్లిమత్ నౌకాదళ కేంద్రమగుటచే జర్మను విమానములు ఆ పట్టణముపై పదేపదే బాంబులు కురిపించినవి. ఆ దాడులలో ప్రయోగశాల దెబ్బతినెను. మిరియం సేకరించిన నమూనాలు, వ్రాసికొనిన పుస్తకములు, గీచిన చిత్రములు, ఏడు సంవత్సరముల కృషి నాశనమయ్యెను. అంతకు ముందే అచ్చుపడిన వ్యాసములు మాత్రము మిగిలినవి. అచ్చుకానిదంతయు బూడిద.

ఇట్టి నష్టము ఎవరికి సంభవించినను క్రుంగిపోవుట సహజము. ఆమెయు నిశ్చేష్టురాలయ్యెను. కాని తరువాతి కాలమున ఆ సంఘటనను స్మరించుకొనుచు ఆమె మరియొక మాట చెప్పుచుండెడిది: తనకు తెలియకుండగనే తానును ఆ ట్రెమటోడుల జీవితచక్రములో ఒక అనుబంధముగా మారిపోయితిననియు, బాంబు పడిన పిదపనే ఆ సంగతి తెలిసివచ్చెననియు ఆ మాటల భావము. పక్షి, నత్త, చేప, వానితోపాటు ఏడేండ్లు తిండి నిద్రలు మరచి లెక్కించు ఒక యువతి. ఆమె కాలమును, కన్నులను, ఆలోచనను ఆ పురుగు ఎంత సులువుగా తన పనికి వాడుకొనెనో! పరిశోధనలో మునిగినవారికి ఇది హాస్యముగా తోచవచ్చును; మాకు మాత్రము కొంచెము భయముగను తోచినది.

యుద్ధకాలమున ఆమె చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. శత్రువుల రహస్య సంకేతములను విప్పుటకై బ్లెచ్లీ పార్కులో ఏర్పరచిన రహస్య కేంద్రమున ఆమె పనిచేసెను. హిట్లరు హింసలకు తాళలేక ఐరోపానుండి పారిపోయివచ్చిన యూదు బాలబాలికలు పలువురికి యాష్టన్‌లోని తన ఇంటి తలుపులు తెరచెను. తల్లి హంగెరీ దేశమునుండి వచ్చిన యూదు వనిత. ఆ కాందిశీకుల దుఃఖము ఆమెకు పరాయిది కాదు. 1943లో, హంగెరీలో పుట్టి బ్రిటిషు సైన్యమున చేరిన జార్జి లేన్ అను వీరుని వివాహమాడెను. ఆ దాంపత్యము 1957లో విడాకులతో ముగిసెను. పిల్లలను పెంచుచు, వారు నిదురించిన పిదప రాత్రులు సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి ఆమె పరిశోధనలు సాగించెను.

అయితే ఆమె మరల సముద్రపు నత్తలవద్దకు తిరిగి పోలేదు. తండ్రి బ్రిటిషు మ్యూజియమునకు దానము చేసిన ఫ్లీ సంచయమును చేపట్టెను. హాప్కిన్స్ అను పండితునితో కలసి 1953 మొదలుకొని 1971 వరకు అయిదు బృహత్సంపుటములుగా దాని సచిత్ర పట్టికను వెలువరించెను. దానికి ముందే 1952లో థెరిసా క్లే అను స్నేహితురాలితో కలసి ఫ్లీ పురుగులను, ట్రెమటోడులను, కోకిలలను ఒక్కచోట చేర్చి పరాన్నజీవుల విశేషములను సామాన్యులకు తెలుపు గ్రంథమును వ్రాసియుండెను. పరుల గూటిలో గుడ్డు పెట్టు కోకిలకును, పరుల కడుపులో పిల్లలను పెంచు పురుగునకును గల చుట్టరికము మన కవులకు తట్టలేదు గాని ఆమెకు తట్టినది.

ఆమె ఫ్లీ పరిశోధనలన్నిటిలో మాకు మిక్కిలి నచ్చినది కుందేటి ఫ్లీ కథ. ఆడ కుందేలు చూలుతో నున్నపుడు గాని దాని ఒంటిపైనున్న ఆడ ఫ్లీ కడుపున గుడ్లు పక్వము కావు. కుందేటి రక్తములోని హార్మోనులే ఫ్లీకి వేళ తెలుపును. కుందేలు ఈనినంతనే ఫ్లీలు పిల్లలపైకి చేరి అక్కడ జత కూడి, గుడ్లు పెట్టును. ప్లిమత్‌లో పురుగు నత్త సంతానమును అణచివేయుట చూచిన కన్నులకు, ఇక్కడ పురుగు సంతానము ఆతిథేయి సంతానముతో ముడిపడియుండుట కనబడినది. నమూనాలు కాలిపోవచ్చును గాని, అట్టి ప్రశ్న వేయుటకు అలవాటుపడిన బుద్ధి ఎక్కడికి పోవును? ఫ్లీ దుముకుటలోని యంత్రరచనను, సీతాకోకచిలుకలు విషపు మొక్కలనుండి విషమును సంపాదించుకొని పక్షులనుండి తమ్ము కాపాడుకొను విధమును కూడ ఆమె ఇతరులతో కలసి శోధించెను. వానినన్నిటిని వివరింప నిచ్చట తావు చాలదు.

ధనముండబట్టి ఆమెకు ఇదంతయు సాగినదని ఎవరైనను అనవచ్చును. అది కొంతవరకు నిజమే. ఉద్యోగము కొరకు దరఖాస్తు పెట్టుకొనక, జీతము కొరకు ఎదురుచూడక పరిశోధించు అదృష్టము ఎందరికుండును? మన కళాశాలలో ఒక్క సూక్ష్మదర్శినికి నలుగురైదుగురు విద్యార్థులు వంతులు వేసికొని కూర్చుండుట మేమెరుగుదుము. కాని ధనముతో సూక్ష్మదర్శినిని కొనవచ్చును గాని, రోజుకు 3,300 చుక్కలను లెక్కించు ఓపికను కొనలేము. అదే వంశమున, అదే ధనముతో పుట్టినవారు ఎందరో పందెపు గుఱ్ఱములను కొనుక్కొనిరి.

1985లో ఆమె రాయల్ సొసైటీ సభ్యురాలిగా ఎన్నికయ్యెను. నాటికి ఆమెకు డెబ్బదియారేండ్లు. 2000 సంవత్సరమున డేమ్ బిరుదము లభించెను. అప్పటికే యాష్టన్‌లోని తన తోటను కత్తిరించి తీర్చుట మానివేసి, అడవిపూలు తమంత తామే పూయునట్లు వదలివేసియుండెను. గోడలనిండ తీగలల్లుకొని ఆ భవనము పొదలో దాగిన గూడువలె నుండెనట. 2005 జనవరి 20వ తేదీన, తొంబదియారేండ్ల వయస్సున, ఆమె పరలోకగతురాలయ్యెను.

పెరివింకిళ్ళు ప్లిమత్ రాళ్ళపై ఇప్పటికిని పాచిని గీకుచునే యున్నవి. సీగళ్ళు వానిపై ఎగురుచునే యున్నవి. జంతుశాస్త్ర ప్రయోగశాలలలో ఈ పురుగును చూపదలచిన ఉపాధ్యాయులు ఇప్పటికిని అనుసరించు పద్ధతి సులభమైనదే. ఒక్కొక్క నత్తను ఒక్కొక్క గాజు గిన్నెలో శుభ్రమైన సముద్రపు నీరు పోసి విడివిడిగా ఉంచి, దీపము వెలుతురు తగులనిచ్చి, కొంతసేపు ఓపికపట్టుదురు. చాలా గిన్నెలలో నీరు నీరుగనే యుండును. ఏదో ఒక గిన్నెలో వెలుతురు వైపున సన్నని తెల్లని ధూళి వంటిది కదలాడుచు కనబడును. ఆ గిన్నెలోని నత్త గుల్లను చేతబట్టి చూచినను, ప్రక్క గిన్నెలోని నత్తకును దానికిని ఏ భేదమును కనబడదు.